ట్రాంపొలిన్ మీద ఎగిరా, ఎయిర్‌బ్యాగ్ మీద బోర్లాపడ్డా: స్కీ ట్రిక్కుల కోసం పది క్లాసుల కోర్సు, నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేనేం పెద్ద స్కీయర్‌ని కాదు. స్కీ పార్క్‌లో చిన్న కిక్కర్ల (ఎగరడానికి కట్టిన మంచు దిబ్బల) మీద స్ట్రెయిట్ ఎయిర్, అంటే తిరగకుండా తిన్నగా ఎగిరి దిగడం, బానే కొడతా, 360 (గాల్లో ఒక పూర్తి చుట్టు) మాత్రం పదిసార్లు ట్రై చేస్తే ఏ నాలుగుసార్లో నిలబడేవాణ్ణి, అదీ చేతులు గాలిమరలా తిప్పుకుంటూ, ఎవరైనా వీడియో తీస్తే డిలీట్ చెయ్యమని బతిమాలుకునే టైపులో. వయసు ముప్పై దాటింది, మంచు మీద పడితే ఇదివరకట్లా లేచి దులుపుకుని పోయే సీన్ లేదు, రెండ్రోజులు మెట్లు దిగలేను. అందుకని సీజన్ మొదలవ్వకముందే ఈ "స్కీయర్ల కోసం ట్రాంపొలిన్" కోర్సులో చేరా. పది క్లాసులు, వారానికొకటి, ఒక్కోటి గంటన్నర, తొమ్మిది క్లాసులు హాల్లో ట్రాంపొలిన్ల మీద, చివరిది మాత్రం బయట ర్యాంపూ ఎయిర్‌బ్యాగూ (దిగడానికి గాలి నింపిన పెద్ద పరుపు) పెట్టి అసలు స్కీలతో. ఏ హాలు అన్నది వదిలెయ్యండి, ఇలాంటి కోర్సులన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి ఎక్కడ చేరేవాళ్ళకైనా పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి క్లాసుకి నేనెళ్ళింది ఎలాగంటే, ఇవాళే బ్యాక్‌ఫ్లిప్ (వెనక్కి పల్టీ) నేర్పించేస్తారేమో అని. వాళ్ళు నేర్పింది ఆగడం. నిజంగా, ఆగడమే. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు వంచి ఆ బౌన్స్‌ని మింగేసి టక్కున నిలబడటం, కోచ్ "స్టాప్" అనగానే నిలబడాలి, అంతే. అరగంట అదే పని. తర్వాత బెడ్ (మనం ఎగిరే ఆ సాగే గుడ్డ) మధ్యలో ఎర్ర క్రాస్ గుర్తు ఉంటుంది కదా, దాని మీదే పది బౌన్సులు వరసగా దిగమన్నారు, నాకు మూడోదానికే ఒక మూలకి, ఐదోదానికి ఇంకో మూలకి. పోటీల్లో వాడే పెద్ద ట్రాంపొలిన్ బెడ్ 4.28 మీటర్ల పొడవు, 2.14 మీటర్ల వెడల్పు ఉంటుంది, కింద నుంచి చూస్తే మైదానంలా కనిపిస్తుంది, ఎక్కి ఎగిరాక తెలుస్తుంది అదెంత చిన్నదో. ఇంకోటి, నిమిషం ఎగిరేసరికి పిక్కలు పట్టేసి ఆయాసం వచ్చేసింది, ఒలింపిక్స్‌లో మగవాళ్ళు పది జంపుల రొటీన్‌లో గాల్లో గడిపే టైమే మొత్తం 17, 18 సెకన్లు ఉంటుంది అంటే ఒక్కో జంప్‌కి దగ్గరదగ్గర రెండు సెకన్లు, ఆ ఎత్తు ఊహించుకుంటేనే నాకు కళ్ళు తిరిగాయి. నా జంప్ మహా అయితే ఒక సెకను. అయితే కోచ్ ఒక మాట చెప్పారు, మనం పార్క్‌లో కొట్టే చిన్న కిక్కర్ మీద కూడా గాల్లో ఉండేది దాదాపు అంతే, కాబట్టి ఎత్తు గురించి కాదు, ఆ ఒక్క సెకన్లో నువ్వేం చేస్తున్నావో నీకు తెలియాలి అని. ఆ మాటతో నాకు కోర్సు మీద గురి కుదిరింది.

రెండు, మూడు క్లాసులు సీట్ డ్రాప్, బ్యాక్ డ్రాప్, ఫ్రంట్ డ్రాప్. అంటే కూర్చుని దిగడం, వీపు మీద దిగడం, బోర్లా దిగడం. బోరే, అబద్ధం ఎందుకు. ఫ్రంట్ డ్రాప్‌లో మోచేతులు గీరుకుపోయి స్నానం చేసేటప్పుడు చుర్రుమనేవి, ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేసుకెళ్ళండని ఎవరూ ముందు చెప్పలేదు, నేను చెప్తున్నా. కానీ ఈ బోరు పనుల్లోనే అసలు విషయం ఉందని ఐదో క్లాసుకి గానీ నాకెక్కలేదు. వీపు మీద దిగి, అక్కడినుంచి సగం తిరిగి మళ్ళీ వీపు మీద దిగడం అని ఒకటుంది, క్రాడిల్ అంటారు, అది చేసేటప్పుడు ఎటు తిరుగుతున్నానో సగం సార్లు నాకే తెలిసేది కాదు. కోచ్ ఏం చేశారంటే ఎదురు గోడ మీద పసుపు టేప్ ముక్క ఒకటి అంటించి, ఎగిరేముందు దాన్ని చూడు, తిరిగాక మళ్ళీ దాన్ని వెతుక్కో, మధ్యలో ఏమీ వద్దు అన్నారు. అంతే చేసా. ఒళ్ళు దానంతటదే తిరిగింది!! నేను ఇన్నాళ్ళూ మంచు మీద 360 కొట్టేటప్పుడు భుజాలు బలంగా విసిరేసి కళ్ళు మాత్రం భయంతో కిందకి స్కీల మీదే పెట్టేవాణ్ణి, తల ఎక్కడుంటే ఒళ్ళు అక్కడ ఆగిపోద్ది కదా, అందుకే 270 దగ్గర ఇరుక్కుపోయి పక్కకి పడేవాణ్ణి. రెండు సీజన్లు పట్టని సంగతి ఆ టేప్ ముక్కతో పావుగంటలో పట్టింది. ఈ కోర్సుకి నేనిచ్చే స్టార్లలో రెండు ఆ టేప్ ముక్కవే.

ఇక బ్యాక్‌ఫ్లిప్. నడుముకి బెల్టు కట్టి రెండు పక్కలా తాళ్ళు పైన కప్పీల మీదుగా లాగి కోచ్ చేతిలో పట్టుకుంటారు, కింద దిగే చోటుకి మందపాటి మెత్తటి మ్యాట్ తోస్తారు. భయం సగం పోతుంది. మా బ్యాచ్‌లో పన్నెండేళ్ళ పిల్లొకతి ఉంది, నాకంటే బ్రహ్మాండంగా ఎగిరేది, నేను మొదటిసారి టక్ (గాల్లో ముడుచుకోవడం) కట్టుకోబోతుంటే కింద నుంచి అరిచింది, "అంకుల్, మోకాళ్ళు ఎడంగా పెట్టండి, లేకపోతే మూతికి తగుల్తాయ్!" అని. వినలేదు. తగిలాయి. పెదవి లోపల పన్ను గుచ్చుకుని రక్తం. రెండోసారి ఎడంగా పెట్టా. టక్‌లో ముడుచుకునే కొద్దీ తిరిగే స్పీడు పెరుగుద్ది, విప్పుకునే కొద్దీ తగ్గుద్ది, ఇది స్కూల్లో చదువుకున్నదే, అయినా ఒంటితో చేస్తే వేరే. మోకాళ్ళు గుండెలకి లాక్కోగానే ఎవరో వెనకనుంచి గిర్రున తిప్పినట్టుంటుంది, విప్పగానే బ్రేకు పడ్డట్టు నెమ్మదిస్తుంది. బ్యాక్‌ఫ్లిప్‌లో ఇంకో లాభం, సగం దాటగానే కింద బెడ్ కనిపించేస్తుంది, ఎక్కడ దిగాలో చూసుకుంటూ దిగొచ్చు. ఫ్రంట్ ఫ్లిప్‌లో ఆ సుఖం లేదు, చివరిదాకా గుడ్డిగా దిగాలి, అందుకే ట్రాంపొలిన్ వాళ్ళు దానికి సగం ట్విస్ట్ కలిపి బరానీ అని చేస్తారు, అలా చేస్తే బెడ్ మీంచి చూపు పోదు.

ఆరో క్లాస్ నుంచి ట్రాంప్ స్కీలు ఇచ్చారు, చాలామంది అడిగేది వీటి గురించే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. పొట్టిగా ఉంటాయి, నిలబెడితే నా నడుం దాకా కూడా రావు, అంచులు ఉండవు, అడుగున మెత్తటి ఫోమ్, బూటు లేకుండా సాక్స్‌తోనే పాదం పెట్టి వెల్క్రో పట్టీలు బిగించుకోవాలి. మొదటి అయిదు నిమిషాలు బాతులా నడుస్తాం. ఎగిరితే బెడ్ మీద వచ్చే ఫీల్ మారిపోతుంది, కాలివేళ్ళతో తోసే అలవాటు పనిచెయ్యదు, పాదం మొత్తంతో తొయ్యాలి, ముక్కు కొంచెం కిందకి వాలినా బెడ్‌లో గుచ్చుకుని ముందుకి తోసేస్తుంది, నాకలాగే ఓసారి అయ్యి మొహం మీద పడ్డా, ఫోమ్ కాబట్టి సరిపోయింది. దేనికి బాగా పనికొస్తాయంటే గ్రాబ్‌లకి, అంటే గాల్లో చేత్తో స్కీని పట్టుకోవడానికి. సేఫ్టీ గ్రాబ్ అంటే కుడి చేత్తో కుడి స్కీ బయటి అంచుని బూటు కిందే పట్టుకోవడం, మ్యూట్ అంటే అవతలి పక్క కాలి స్కీని బూటు ముందు పట్టుకోవడం, ఇవి మంచు మీద నేర్చుకోబోతే ఒక్కో ట్రైకి లిఫ్ట్ ఎక్కి మళ్ళీ పైకి రావాలి, ఇక్కడ రెండు నిమిషాల్లో ఇరవై సార్లు పట్టుకోవచ్చు. ఇంకో తేడా నాకు బాగా తెలిసొచ్చింది, నేను ఇన్నాళ్ళూ వంగి స్కీ కోసం చెయ్యి చాపేవాణ్ణి, చెయ్యాల్సింది మోకాలు పైకి లాక్కుని స్కీనే చేతి దగ్గరికి తెచ్చుకోవడం. వంగితే భుజాలు ముందుకి పడి బ్యాలన్స్ పోద్ది, లాక్కుంటే పోదు.

ఇక మైనస్. నిజం స్కీలతో పోలిస్తే ఇవి దూదిపింజలు. అసలు స్కీ, బైండింగ్ (బూటుని స్కీకి బిగించేది), బూటు కలిపితే ఒక్కో కాలికి నాలుగైదు కిలోలు వేలాడుతుంటాయి, పైగా పొడుగు, దాంతో తిప్పడం మొదలెట్టడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. ట్రాంప్ స్కీలతో 540 (ఒకటిన్నర చుట్టు) వచ్చేసింది కదా అని మంచు మీద కూడా వచ్చేసినట్టే అనుకుంటే మోసపోతాం. హాల్లో ఇచ్చిన జతల్లో సగానికి వెల్క్రో అరిగిపోయి ఉంది, నా ఎడమకాలిది గాల్లోనే ఊడి పక్క ట్రాంపొలిన్ మీద పడింది ఓసారి, అదృష్టం, అప్పుడక్కడ ఎవరూ లేరు. చెప్పా, మారుస్తాం అన్నారు, పదో క్లాస్ దాకా మార్చలేదు.

ఎనిమిది, తొమ్మిది క్లాసుల్లో ఆఫ్ యాక్సిస్ మొదలెట్టారు, అంటే నిటారుగా బొంగరంలా కాకుండా ఒరిగిపోయి తిరగడం, కార్క్ అనేది అదే. దీనికి ఒక మెట్టు ఉంది, లేజీ బ్యాక్ అని, బ్యాక్‌ఫ్లిప్‌లో ముప్పావు వంతు తిరిగి పొట్ట మీద దిగడం, ఆ ఒరుగుడు అలవాటయ్యాక ట్విస్ట్ కలుపుతారు. నాకు కార్క్ రాలేదు, వచ్చిందని చెప్పను, ఆ పిల్లకి వచ్చింది. 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లో జానీ మోస్లీ మొగల్స్‌లో (మంచు గుబ్బల మీదుగా దిగే పోటీ) డిన్నర్ రోల్ అని ఇలాంటి ఒరిగిన 720 (రెండు చుట్లు) కొట్టి జనాన్ని ఊపేసి నాలుగో ప్లేస్‌తో సరిపెట్టుకున్నాడు, ఇప్పుడు స్లోప్‌స్టైల్‌లో (వరస జంపుల మీద ట్రిక్కుల పోటీ) పిల్లలు దాన్ని వార్మప్‌లా కొడుతున్నారు, కాలం అలా ఉంది.

ఇక్కడో మాట. స్కీకి ట్రాంపొలిన్ ఎందుకు అని వెక్కిరించేవాళ్ళకి ఏరియల్స్ (స్కీలతో ర్యాంప్ మీంచి ఎగిరి పల్టీలు కొట్టే పోటీ) చూపించాలి. అలీసా క్యాంప్లిన్ జిమ్నాస్ట్, 19 ఏళ్ళ దాకా స్కీయింగే తెలీదు, 2002లో ఏరియల్స్‌లో గోల్డ్. 2010 వాంకూవర్ గోల్డ్ లిడియా లసీలాది, ఆవిడా జిమ్నాస్టిక్స్ నుంచే. 2022 బీజింగ్‌లో గెలిచిన షూ మెంగ్‌టావో చిన్నప్పుడు జిమ్నాస్టే. ఆ గేమ్స్‌లోనే మగవాళ్ళ గోల్డ్ కొట్టిన చీ గ్వాంగ్‌పు మూడు ఫ్లిప్పుల్లో ఐదు ట్విస్టులు పెట్టాడు, డిఫికల్టీ (ట్రిక్కు ఎంత కష్టమో చెప్పే అంకె) 5.0. గాల్లో ఒళ్ళు ఎటుందో తెలిసినవాళ్ళకి స్కీ నేర్పడం, స్కీ వచ్చినవాళ్ళకి గాలి నేర్పడం కంటే సులువేమో అనిపిస్తుంది ఇవన్నీ చూస్తే. కాకపోతే వాళ్ళెవరూ ట్రాంపొలిన్ నుంచి నేరుగా మంచు మీదకి దూకరు, మధ్యలో ఎండాకాలమంతా నీళ్ళ ర్యాంపులు ఉంటాయి, అమెరికాలో పార్క్ సిటీలో, లేక్ ప్లాసిడ్‌లో ఉన్నట్టు, స్కీలతో ర్యాంప్ ఎక్కి గాల్లో తిరిగి కొలనులో పడటం, వందల సార్లు. ఆ మధ్య మెట్టు ఎంత ముఖ్యమో నాకు పదో క్లాస్‌లో అర్థమైంది.

పదో క్లాస్, ఎయిర్‌బ్యాగ్. తొమ్మిది వారాలు సాక్స్‌తో ఎగిరినవాణ్ణి బూట్లు బిగించుకుని ర్యాంప్ పైన నిలబడ్డా. మొదటిది స్ట్రెయిట్ ఎయిరే కొట్టమన్నారు, నాకు నామోషీ వేసింది, ఇంత నేర్చుకుని ఇదా అని. కొట్టా. వెల్లకిలా పడ్డా. స్ట్రెయిట్ ఎయిర్! ఏమైందంటే, ట్రాంపొలిన్ మీద మడమ నుంచి వేళ్ళ దాకా చీలమండతో తోసి ఎగరడం అలవాటైపోయింది, స్కీ బూట్‌లో చీలమండ కదలదు కదా, ఆ తోపు ఎటు పోవాలో తెలీక నన్ను వెనక్కి నెట్టింది. బూట్లో ఎగరాలంటే మోకాళ్ళతో, తుంటితో లేవాలి, పిక్కముందు ఎముక బూటు నాలుకకి ఆనే ఉండాలి. ఇది తొమ్మిది క్లాసుల్లో ఒక్కసారి కూడా ఎవరూ అనలేదు.

తర్వాత బ్యాక్‌ఫ్లిప్. ఇది ఇంకా అన్యాయం. కోచ్ ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూపించారు, నా బూట్లు ఇంకా ర్యాంప్ అంచు మీద ఉండగానే తలా భుజాలూ వెనక్కి వాలిపోయాయి. ర్యాంప్ చివర పైకి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అదే మనల్ని కొంత వెనక్కి తిప్పి పంపుతుంది, మనం నిటారుగా లేచి అంచు దాటాక తిప్పుకుంటే చాలు, నేను అంచు మీదే వాలేసరికి ఎత్తు పోయింది, తిప్పడానికి టైం చాలక మెడకీ భుజాలకీ మధ్య ఎక్కడో దిగా. బ్యాగ్ కాబట్టి నవ్వుకున్నాం. మంచైతే? మరి హాల్లో ఇదే తప్పు చేశానా అని ఆలోచిస్తే, చేశా, ప్రతిసారీ చేశా. ట్రాంపొలిన్ మీద ముందే వాలితే వెనక్కి కొట్టుకుపోతాం, అది దానికదే చెప్పే తప్పు. కానీ బెల్టు తాళ్ళు నన్ను మధ్యలోనే పట్టి ఉంచాయి, కోచ్ మొహమాటానికో, క్యూ త్వరగా కదలాలనో ప్రతి ఫ్లిప్‌కీ కాస్త లాగి సాయం చేసేవారు, మెత్తటి మ్యాట్ మిగతాది కప్పేసింది. నా ఫ్లిప్ అని నేను మురిసిపోయినదాంట్లో సగం ఆయనది. ఈ కోర్సు మీద నా అసలు కంప్లయింట్ ఇదే, బెల్టు పెట్టడం తప్పు కాదు, ఎప్పుడు ఎంత లాగుతున్నారో చెప్పకపోవడం తప్పు.

రెండో కంప్లయింట్ క్యూ. ఆరుగురు బ్యాచ్ అన్నారు, ఐదో క్లాస్‌కి తొమ్మిది మందిమి. ఒకరోజు ఒళ్ళుమండి వాచ్‌లో లెక్కపెట్టుకున్నా, గంటన్నరలో నేను ట్రాంపొలిన్ మీద ఉన్నది పదకొండు నిమిషాలు. మిగతాదంతా బెంచీ మీద కూర్చుని పక్కవాళ్ళని చూడటం. చూసి కూడా నేర్చుకోవచ్చు అంటారు, నిజమే, కానీ గంటన్నర చూడక్కర్లేదు.

మూడోది కోర్సుది కాదు, హాల్‌ది. మా క్లాస్ ముందు ఎవరైనా వచ్చి ఎగరొచ్చు అని ఒక గంట వదులుతారు, అప్పుడు ఒకే బెడ్ మీద తండ్రీ చిన్న కొడుకూ కలిసి ఎగరడం నేను రెండుసార్లు చూశా. బరువైనవాళ్ళు దిగిన క్షణంలో తేలికైనవాళ్ళు అక్కడుంటే బెడ్ వాళ్ళని రాయి విసిరినట్టు విసిరేస్తుంది, ట్రాంపొలిన్ దెబ్బల్లో ఎక్కువ భాగం ఇలా ఒకరికంటే ఎక్కువమంది ఎక్కినప్పుడే తగులుతాయి, అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఇళ్ళల్లో ట్రాంపొలిన్ వద్దే వద్దు అనడానికి ఇదీ ఒక కారణం. స్టాఫ్ కుర్రాడికి చెప్తే తల ఊపి ఫోన్ చూసుకున్నాడు.

సరే, మంచు మీద ఏమైంది? సీజన్ మొదటి రోజు పొద్దున్న మొత్తం స్ట్రెయిట్ ఎయిర్లే కొట్టా, బుద్ధిగా, పిక్క ఎముక బూటుకి ఆనించి, అంచు దాటేదాకా చేతులు ముందుంచుకుని. మధ్యాహ్నం 360. గోడ మీద టేప్ లేదు కాబట్టి ల్యాండింగ్ పక్కన పాతిన ఎర్ర జెండాని పట్టుకున్నా, చూశా, తిరిగా, మళ్ళీ జెండా కనిపించింది, దిగా. గాల్లో ఉన్న టైం ఇదివరకటి కంటే ఎక్కువున్నట్టు అనిపించింది, కిక్కర్ అదే, స్పీడు అదే. ఆ వారంలో 360 పదికి ఎనిమిది నిలబడ్డాయి, సేఫ్టీ గ్రాబ్‌తో కూడా. వారం చివర ఒక 540 వచ్చింది, దిగాక వెనక్కి జారుతూ పోయా, ఆపుకోడం తెలీక కంచె దాకా వెళ్ళిపోయా, అది వేరే కథ. నాకు అస్సలు రాని పక్కకి, అంటే కుడివైపుకి, 360 కూడా మూడుసార్లు దిగా, హాల్లో రెండు పక్కలా సమానంగా చేయించారు కాబట్టే అది. ఈ రోజుల్లో పోటీల్లో రెండువైపులా తిరగడానికి విలువిస్తారు, 2022 ఒలింపిక్స్ బిగ్ ఎయిర్ (ఒకే పెద్ద జంప్ మీద ట్రిక్కుల పోటీ) ఫైనల్‌లో ఐలీన్ గూ అంతకుముందు పోటీలో ఎప్పుడూ కొట్టని ఎడమవైపు డబుల్ కార్క్ 1620 (రెండుసార్లు ఒరిగి నాలుగున్నర చుట్లు) చివరి జంప్‌లో కొట్టి గోల్డ్ పట్టుకుపోయింది.

బ్యాక్‌ఫ్లిప్ మాత్రం మంచు మీద కొట్టలేదు. ఎయిర్‌బ్యాగ్ మీద తాడు లేకుండా వరసగా ఇరవై శుభ్రంగా దిగేదాకా కొట్టను.

ఎవరు చేరొచ్చు అంటే, కిక్కర్ మీద స్ట్రెయిట్ ఎయిర్ భయం లేకుండా వస్తూ, తిరగబోతే ఎక్కడున్నామో తెలీక కంగారుపడే వాళ్ళకి ఇది బంగారం. అసలు కిక్కర్ అంటేనే వణికేవాళ్ళకి ట్రాంపొలిన్ పెద్దగా ఒరగబెట్టదు, వాళ్ళకి కావాల్సింది టేకాఫ్, అది మంచు మీదే దొరుకుద్ది. మెడ, నడుం నొప్పులున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళకండి, మొదటి రెండు వారాలు నా మెడ నాది కాదు. చేరేముందు రెండు అడగండి, బ్యాచ్‌లో ఎంతమంది అని, ఎయిర్‌బ్యాగ్ ఎన్ని క్లాసులు అని. ఒక్కటే అంటే నాలా చివరి రోజు నిజం తెలుస్తుంది, మూడు నాలుగుంటే మధ్యలోనే తెలుస్తుంది.

అయిదుకి మూడున్నర ఇస్తున్నా. వెల్క్రోలు మారిస్తే ఇంకో పావు కలుపుతా.

వచ్చే బ్యాచ్‌కి మళ్ళీ పేరిచ్చా, ఈసారి బెల్టు వదులు చేసి పట్టుకోండి, లాగితే నాకు చెప్పండి అని ముందే మాట్లాడుకున్నా. ఆ పిల్ల కూడా చేరుతోందట, డబుల్ కార్క్ మొదలెడుతుందట. నన్ను చూసి, "అంకుల్, మీరింకా సింగిలేనా?" అంది. ఫ్లిప్ గురించే అడిగిందనుకుంటున్నా.